ఏ నాగేశ్వరరావు గారు?

మద్రాసులో మా ఇంట్లో ఎవరైనా "నాగేశ్వరరావు" అన్నప్పుడు ఆయన ఎవరో తెలియాలంటే ముందుగా ఆ మాట అన్నది ఎవరో చూడవలసి వచ్చేది. నాయనమ్మ నోట ఆ పేరు వస్తే అది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే. అమ్మ అంటే అక్కినేని. నాన్నగారు అంటే చాలా మటుకు సంగీత దర్శకుడు పెండ్యాల. తెనాలి నుంచి ప్రతి వేసవికీ వచ్చి, మామిడిపళ్ళు అయిపోయేదాకా మా ఇంట్లోనే మకాం వేసే మామయ్య అంటే మాత్రం దుష్ట పాత్రల ఆర్. నాగేశ్వరరావు. వీరంతా చాలరన్నట్టు మా నాన్నగారి పేరు కూడా నాగేశ్వరరావే. పంతులు గారి మీది గౌరవం కొద్దీ నాయనమ్మ పట్టుబట్టి పెట్టించిన పేరది. అందువల్ల త్యాగరాయనగర్‌లోని మా అద్దె ఇంటి వరండాలో ఆ పేరు వినిపించినప్పుడల్లా, పేపరు చదువుకుంటున్న నాన్నగారు ఒకసారి తలెత్తి, పిలిచింది తనను కాదని తేల్చుకొని, మళ్ళీ చదువులో పడిపోయేవారు.

నాయనమ్మ కాపురానికి మద్రాసు వచ్చేనాటికి పంతులు గారు ఇంకా జీవించే ఉన్నారు. తాతగారు జార్జిటౌనులో ఒక కొట్టులో గుమాస్తా. రోజూ తంబుచెట్టి వీధిలోని ఆంధ్రపత్రిక కార్యాలయం ముందు నుంచే నడిచి వెళ్ళేవారు కనుక, ఊళ్ళో కబుర్లు పత్రికలో అచ్చు కాకముందే తమ ఇంటికి చేరేవని ఆమె గొప్పగా చెప్పుకొనేది. 1867లో కృష్ణా జిల్లాలో పుట్టిన కాశీనాథుని వారు బొంబాయి చేరి, అక్కడ 1893లో అమృతాంజనం తయారీ ప్రారంభించి, ఆ రాబడితో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా అక్కడే మొదలుపెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రికను చేశారు. 1924లో భారతి మాసపత్రికను, ఆ తరువాత ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పారు. జనం ఆయనను దేశోద్ధారకుడన్నారు, విశ్వదాత అన్నారు. తాతగారు మాత్రం, "తలనొప్పి తెప్పించే పత్రికా ఆయనదే, తగ్గించే మందూ ఆయనదే" అని నవ్వేవారట. ఈ మాట నాయనమ్మకు నచ్చేది కాదు. నచ్చదంటూనే వచ్చినవాళ్ళందరికీ తానే చెప్పేది.

ఆ మందు సీసా ఆమె బొడ్డున దోపుకొనే గుడ్డ సంచిలో, వక్కపొడి డబ్బా పక్కన ఎప్పుడూ ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక స్తంభానికి ఆనుకొని కూర్చొని, మూత బిగుసుకుపోతే పమిట చెంగుతో పట్టి తిప్పి, చిటికెన వేలి గోటితో ఆవగింజంత లేత పసుపు ముద్దను తీసి రెండు కణతలకూ రాసుకొనేది. వేలికి మిగిలిన జిడ్డును పారవేయడం ఇష్టం లేక, పక్కన ఎవరుంటే వారి నుదుటికి పులిమేది. ఆ ఘాటుకు నా కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, "మంచిదిరా, బుర్ర తేటపడుతుంది" అనేది. ఖాళీ అయిన సీసాలను కుంకుడు రసంతో కడిగి, ఒకదానిలో కుంకుమ, ఒకదానిలో పచ్చకర్పూరం, ఒకదానిలో గుండుసూదులు పోసి పెట్టేది. "అమృతాంజనం తీసుకురా" అని ఆమె అనగా నేను ఏనాడూ వినలేదు. "పంతులు గారి సీసా అందుకో" అనేది. కొట్టువాడిని కూడా అలాగే అడిగేది. తమిళుడైన ఆ కొట్టువాడు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా అరలోంచి సీసా తీసి ఇచ్చేవాడు.

మైలాపూరులో ఆయన నివాసం శ్రీబాగ్. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న అక్కడే సమావేశమై, ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ, కృష్ణా తుంగభద్రల నీటిలో ఎవరికి ముందు అన్న విషయాలపై ఒడంబడిక రాసుకున్నారు. దానినే శ్రీబాగ్ ఒడంబడిక అంటారు. 1953లో కర్నూలు రాజధాని కావడానికి, హైకోర్టు గుంటూరుకు పోవడానికి మూలం అదే. అయితే పంతులు గారు ఆ సంతకాలయిన అయిదు నెలలకే, 1938 ఏప్రిల్‌లో కన్నుమూశారు. లజ్ చర్చి రోడ్డు మీద ఆయన పేరిట ఉన్న పార్కు నేటికీ పచ్చగానే ఉంది. తెల్లవారుజామున అక్కడ నడిచేవారిలో చాలా మందికి ఆయన తెలుగువాడన్న సంగతి కూడా పట్టదు. అది తప్పని నేను అనుకోను. ఊరికి ఒక పార్కు మిగలడమే పెద్ద విషయం.

ఆ పార్కు కారణంగానే మా బంధువర్గంలో ఒక పెళ్ళి సంబంధం కొంతసేపు గల్లంతయింది. మగపెళ్ళివారు బెజవాడ నుంచి వచ్చారు. ఇరుపక్షాల పెద్దలూ ముందుగా ఎవరి ఇంట్లోనూ కాకుండా బయట కలుసుకొని మాట్లాడుకుందామనుకొని, "సాయంత్రం నాగేశ్వరరావు పార్కు" అని కబురంపారు. పానగల్ పార్కు పక్కన నాగేశ్వరరావు రోడ్డు ఒకటి ఉంది. ఎవరో దారిపోయేవాడు చెప్పగా మగపెళ్ళివారు ఆ రోడ్డు చివర దిగి, ఎదురుగా పార్కు కూడా కనిపించడంతో ఇక సందేహమేమీ లేదనుకొని, బెంచీ మీద కూర్చొని వేరుసెనగకాయలు తింటూ చీకటి పడేదాకా ఎదురుచూశారు. ఆడపిల్ల తండ్రి లజ్‌లో, కొత్త పంచె నలగకుండా నిలబడే ఉన్నాడు. ఆ సంబంధం కుదరలేదు. కట్నం దగ్గర చెడింది కానీ, మా నాయనమ్మ మాత్రం ఆ నెపాన్ని జీవితాంతం పానగల్ రాజా గారి మీదే వేసింది.

అమ్మ అక్కినేనిని "గారు" అనేది కాదు. సినిమా కథానాయకులను అలా ఏకవచనంతో పిలవడం అగౌరవం కాదనీ, అది ఇంటివాడన్న చనువు అనీ ఆ తరంలో అందరికీ తెలిసిన విషయమే. నాయనమ్మ సమక్షంలో మాత్రం కొంచెం గొంతు తగ్గించి, "నాగేశ్వరరావు సినిమా వచ్చిందట" అనేది. కృష్ణా జిల్లా రామాపురంలో పుట్టి, నాటకాలలో ఆడవేషాలతో పేరు తెచ్చుకొని, బెజవాడ రైల్వే స్టేషనులో ఘంటసాల బలరామయ్య కంటపడి మద్రాసు చేరిన అక్కినేని, 1944లో శ్రీరాముడి వేషంతో కథానాయకుడయ్యారు. 1953లో దేవదాసు వచ్చేసరికి అమ్మ ఇంకా లంగా ఓణీల వయసులో ఉంది. పెళ్ళయి మద్రాసు వస్తే రోజూ వీధిలో ఆయన కనిపిస్తాడనుకొన్నదట. తీరా మేము పుట్టి కాస్త పెద్దవాళ్ళమయ్యేసరికి ఆయన మద్రాసు వదిలి హైదరాబాదులో స్థిరపడ్డారు. మద్రాసు మీద అమ్మకు ఉన్న ఫిర్యాదులలో నీళ్ళ కొరత మొదటిదయితే ఇది రెండోది.

నాన్నగారి సంగతి వేరు. ఆయన జార్జిటౌనులో ఒక అచ్చుయంత్రశాలలో ప్రూఫ్ రీడరు. తప్పులు దిద్దడం వృత్తి అయినవాడికి తెర మీద కనిపించేవారి కంటే తెర వెనుక పేర్ల మీదే చూపు ఉంటుంది. పెండ్యాల నాగేశ్వరరావు కూడా కృష్ణా జిల్లావారే. 1948లో ద్రోహితో సంగీత దర్శకుడిగా మొదలై, 1961లో జగదేకవీరుని కథకు దర్బారీ కానడలో ఘంటసాల చేత ఆ శివశంకరీ పాడించారు. రేడియోలో ఆ పాట మొదలైతే నాన్నగారు చేతిలోని కాఫీ గ్లాసును కింద పెట్టేవారు. పాట అయ్యాక చల్లారిన కాఫీని మళ్ళీ వెచ్చబెట్టమని అమ్మను అడిగే ధైర్యం లేక అలాగే తాగేవారు. "పాడినవాడి పేరు అందరికీ తెలుసు, కట్టినవాడి పేరు చెప్పు" అని నన్ను పరీక్షించడం ఆయనకు అలవాటు. "నాగేశ్వరరావు" అంటే ఒప్పుకొనేవారు కాదు. "ఏ నాగేశ్వరరావు?" అని రెట్టించి, ఇంటిపేరు చెప్పేదాకా వదిలేవారు కాదు.

ఈ ముగ్గురు నలుగురు నాగేశ్వరరావుల పంచాయతీ అంతా ఒకే చోట తేలిన సందర్భం ఒకటి ఉంది. ఆ రోజులలో మద్రాసు సినిమాహాళ్ళలో కొన్ని ఆదివారం ఉదయపు ఆటగా పాత తెలుగు సినిమాలు వేసేవి. అలా ఒక వేసవిలో, మామయ్య ఉన్న సమయంలోనే, దొంగరాముడు వచ్చింది. 1955లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో అన్నపూర్ణా పిక్చర్స్ తీసిన మొదటి చిత్రమది. అందులో కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు, సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు, బాబులు అనే రౌడీ వేషం ఆర్. నాగేశ్వరరావు. మా ఇంటివారందరికీ ఒక్కొక్కరికి ఒక్కొక్క నాగేశ్వరరావును పంచిపెట్టడానికే తీశారా అన్నట్టు ఉండేది ఆ పేర్ల పట్టిక. అమ్మ కళ్ళు ఒకాయన మీద ఉన్నాయి. నాన్నగారు పాట వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకొన్నారు. బాబులు తెర మీదికి రాగానే మామయ్య రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. ముందు వరుసలోని ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "ఎవరయ్యా, హీరో కూడా రాకముందే?" అని విసుక్కుంటే, "మా హీరో వచ్చాడండీ" అన్నాడు. బాబులు ఊతపదం ఒకటి ఆ కాలంలో తెనాలి కుర్రాళ్ళందరి నోటా ఆడేదట. మామయ్య దానిని ఇంటికి వచ్చాక కూడా నాలుగు రోజులు వదలలేదు.

ఆ ఆర్. నాగేశ్వరరావు విషయంలో పేరుదే కాదు, ఇంటిపేరుదీ చిక్కే. ఆయన ఇంటిపేరు రాజనాల. అదే కాలంలో అవే దుష్ట పాత్రలలో రాణించిన మరొకాయన రాజనాల కాళేశ్వరరావు. సాధారణంగా ఒకే పేరున్న ఇద్దరిని ఇంటిపేరుతో విడదీస్తాము. ఒకే ఇంటిపేరున్న ఇద్దరిని పేరుతో విడదీస్తాము. ఈయనకు పేరు చెబితే అక్కినేని అడ్డం, ఇంటిపేరు చెబితే కాళేశ్వరరావు అడ్డం. చివరకు కాళేశ్వరరావు గారు ఒట్టి రాజనాలగా నిలిచిపోయి ఇంటిపేరును మొత్తం తీసుకొన్నారు. నాగేశ్వరరావు గారికి దానిలో మొదటి పొడి అక్షరం మాత్రం మిగిలింది. మాయాబజార్‌లో దుశ్శాసనుడిగా ఆయన్ను చూసినవారిలో కూడా చాలా మంది రాజనాల అంటే రెండో ఆయనేనని వాదిస్తారు. చిన్న వయసులోనే పోయిన నటుడు కావడంతో, తన పేరు తాను నిలబెట్టుకొనే వ్యవధి కూడా ఆయనకు దొరకలేదు. మామయ్య పట్టుదలకు కారణం అదేనని నాకు తోస్తుంది. మిగతా నాగేశ్వరరావులకు పార్కులు, పత్రికలు, పాటలు ఉన్నాయి. ఈయనకు మామయ్య ఈల ఉంది.

ఇంటిపేరు ఒక్కటే అయినంత మాత్రాన చిక్కు రావాలని కూడా లేదు. అక్కినేనిని రైల్వే స్టేషనులో గుర్తించినది ఘంటసాల బలరామయ్య అయితే, తరువాత కాలంలో అక్కినేనికి ఎన్నో పాటలు పాడినది ఘంటసాల వెంకటేశ్వరరావు. కానీ ఒట్టి ఘంటసాల అంటే ఏ తెలుగువాడైనా గాయకుడినే తలుచుకొంటాడు.

ఈ ఇంటిపేర్ల లెక్క తమిళులకు అర్థమయ్యేది కాదు. వారికి ఇంటిపేరు ఉండదు. పేరుకు ముందు అక్షరం తండ్రి పేరుది. నన్ను బడిలో వేసినప్పుడు గుమాస్తా తండ్రి పేరు అడిగి, నాగేశ్వరరావు అనగానే నా పేరు ముందు ఎన్. అని రాసుకొన్నాడు. మాది పి.తో మొదలయ్యే ఇంటిపేరు. నాన్నగారు ఎంత చెప్పినా, "అది మీ ఇనిషియలు సార్, పిల్లవాడికి మీ పేరు కదా రావాలి" అన్నాడు. ఆయన దృష్టిలో అదే న్యాయం. దానితో తండ్రి పి., కొడుకు ఎన్. అయ్యాము. రేషన్ కార్డులో ఒక రకంగా, పదో తరగతి సర్టిఫికెట్లో మరో రకంగా ఉన్న నేను ఒకే మనిషినని, పెద్దయ్యాక స్టాంపు కాగితం మీద ప్రమాణం చేయవలసి వచ్చింది.

అసలు మేమున్న పేటకే పొడి అక్షరం ఉంది. టి. నగర్ అన్నప్పుడు ఆ టి. త్యాగరాజస్వామిదని ఊరి నుంచి వచ్చిన ప్రతి చుట్టమూ అనుకొనేవాడు. మద్రాసు సంగీతానికి పుట్టిల్లు, పైగా పక్కనే వాణీమహల్, కనుక అలా అనుకోవడంలో వింత లేదు. ఆ పేరు పిట్టి త్యాగరాయ చెట్టి గారిది. తెలుగువారే, దేవాంగులు, 1916లో జస్టిస్ పార్టీని స్థాపించినవారిలో ఒకరు, మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షులు. 1925లో ఆయన పోయిన కాలానికే ఈ పేట రూపు దిద్దుకొంటున్నది. పిల్లల సంగీతం పాఠానికి వచ్చే మాస్టారు ఈ విషయం ఒప్పుకొనేవారు కాదు. "చెట్టి గారిది కావచ్చునమ్మా, కానీ మనం స్వామివారిదనుకొంటే ఎవరికి నష్టం?" అనేవారు.

శ్రీనివాసుల దగ్గర ఇంత గొడవ లేదు. ఆ పేరున్న పెద్దలు మద్రాసులో కుప్పలుగా ఉన్నా, ఎవరి దారి వారు చూసుకొన్నారు. శ్రీరంగం శ్రీనివాసరావు గారు పేరును రెండు అక్షరాలకు కుదించి శ్రీశ్రీ అయ్యారు. సింగీతం వారిని ఇంటిపేరు కాపాడింది. కాకినాడలో పుట్టిన గాయకుడు శ్రీనివాస్ ఇంటిపేరు ప్రతివాది భయంకర. అంత పొడుగు పేరు రికార్డు మీద పట్టదు కనుక పి.బి. అయింది. కేథడ్రల్ రోడ్డులోని ఉడ్‌లాండ్స్ డ్రైవ్ ఇన్‌లో ఆయన జేబు నిండా రంగురంగుల కలాలతో కూర్చొని కవితలు రాసుకొంటూ ఉంటే, పక్క బల్లల వారు గుసగుసగా ఆ రెండు పొడి అక్షరాలే చెప్పుకొనేవారు. 1969లో పాలకొల్లులో పుట్టిన మరో శ్రీనివాస్ పసితనంలోనే మాండలిన్‌ను కచేరీ వేదిక ఎక్కించాడు. వాయిద్యమే ఆయనకు ఇంటిపేరయింది. 2014లో ఆయన నలభై అయిదేళ్ళకే పోయినప్పుడు చెన్నై పత్రికలన్నీ ఆ రెండు మాటలూ కలిపే రాశాయి.

మగవారికి ఇలా ఇంటిపేరో, కలం పేరో, వాయిద్యమో ఏదో ఒకటి దొరికింది. ఆడవారి పేర్ల విషయంలో లోకం మరీ పిసినారితనం చూపించిందని నా అభిప్రాయం. అక్కినేని, పెండ్యాల అని ఇంటిపేరుతో ఒక నటిని గానీ, గాయనిని గానీ పిలవగా నేను పెద్దగా వినలేదు. ఒక పొడి అక్షరం విదిల్చి సరిపెట్టేవారు. ఎస్. వరలక్ష్మి, జి. వరలక్ష్మి ఇద్దరూ ఒకే కాలంలో నటించారు, ఇద్దరూ పాడగలిగినవారే. వారిని విడదీసేది ఆ ఒక్క అక్షరమే.

బాలసరస్వతుల విషయంలో ఆ ఒక్క అక్షరం మా నాన్నగారి మెడకు చుట్టుకొన్నది. టి. బాలసరస్వతి భరతనాట్యంలో మహా కళాకారిణి. 1973లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆమెను సంగీత కళానిధిగా సత్కరించింది. ఆర్. బాలసరస్వతీదేవి తెలుగులో తొలినాటి నేపథ్య గాయనులలో ఒకరు, రేడియోలో లలిత సంగీతానికి పేరు మోసినవారు. నాన్నగారి అచ్చుయంత్రశాలలో సీసపు అక్షరాలతో కూర్చిన ముఖ్యమైన పేర్లను, శీర్షికలను, మళ్ళీ పనికి వస్తాయని దారంతో కట్టి పక్కన పెట్టేవారు. నాట్యానికి సంబంధించిన ఏదో కరపత్రానికి కూర్చిన పేరు అలా కట్టి ఉంది. తరువాత గాయని గారి పాటల కార్యక్రమానికి ఆహ్వానాలు వేయవలసి వచ్చినప్పుడు, కొత్తగా కూర్చడం ఎందుకని కంపోజిటరు ఆ కట్టనే తెచ్చి, అక్షరాలు పేర్చే పళ్ళెంలో, అంటే గాలీలో, పెట్టేశాడు. అప్పటికి ప్రూఫు దిద్దడం అయిపోయింది కనుక నాన్నగారు దానిని చూడనే లేదు. కార్డులన్నీ అచ్చయి, ఆరి, కట్టలు కట్టాక బయటపడింది. నాన్నగారు, కంపోజిటరు రాత్రంతా కూర్చొని, ఒక్కొక్క కార్డు మీద టి. అక్షరాన్ని బ్లేడు మొనతో గీకి, సన్నని పాళీతో ఆర్. అని రాశారు. యజమాని ఇద్దరి జీతంలోనూ కోత పెట్టాడు. నాన్నగారు దానికి బాధపడలేదు. ఆయనకు బాధ కలిగించింది, ఆహ్వానితులలో ఒక్కరు కూడా ఆ దిద్దుబాటును గమనించకపోవడం.

ఇక జానకుల కథ చెప్పకపోతే మా ఇంట్లో ఎవరూ నన్ను క్షమించరు. షావుకారు జానకి గారి ఇంటిపేరు శంకరమంచి, పుట్టింది రాజమండ్రి. 1950లో విజయావారు ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో తీసిన మొదటి చిత్రం షావుకారులో ఆమె కథానాయిక. గమ్మత్తేమంటే ఆ సినిమాలో షావుకారు ఆమె కానే కాదు. షావుకారు చెంగయ్య వేషం గోవిందరాజుల సుబ్బారావు గారిది. వడ్డీ లెక్కల ఆ ముసలాయన బిరుదు ఆ అమ్మాయికి అతుక్కొని, తమిళంలో కూడా సౌకార్ జానకి అయి, డెబ్బై ఏళ్ళు దాటినా ఊడలేదు. గాయని ఎస్. జానకి గారు రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టారు. 1957లో సినిమాలకు పాడడం మొదలుపెట్టారు. ఆమె ఇంటిపేరు శిష్ట్లా. అంటే ఇద్దరికీ పొడి అక్షరం ఒక్కటే. ఆ బిరుదే లేకపోయి ఉంటే ఇద్దరూ ఎస్. జానకులే అయ్యేవారు. మామయ్యకు గాయని అంటే ప్రాణం. రేపల్లె తెనాలికి దగ్గర కనుక, "మా వైపు పిల్ల" అని, ఆమెకు తానే సంగీతం నేర్పించినట్టు మాట్లాడేవాడు.

మూడో జానకి వి.ఎన్. జానకి. వైకోంలో పుట్టిన మలయాళీ, ఒకనాటి కథానాయిక, ఎం.జి. రామచంద్రన్ భార్య. 1987 డిసెంబరు 24న ఎం.జి.ఆర్. పోయాక, 1988 జనవరి 7న ఆమె తమిళనాడు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పదవి జనవరి 30తో ముగిసింది. ఈలోగా రాజమండ్రిలోని మా పెద్దత్తయ్య దగ్గర నుంచి ఒక ఇన్‌లాండు లెటరు వచ్చింది. "మన షావుకారు జానకి మీ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినదట, మా వీధివాళ్ళంతా సంతోషించారు, మా రెండోవాడికి అక్కడ ఏదైనా ఉద్యోగానికి సిఫారసు దొరుకుతుందేమో కనుక్కోవలసినది" అని అందులో ఉంది. నాన్నగారు ప్రూఫు దిద్దినట్టే ఎర్ర సిరాతో షావుకారు అన్న మాటను కొట్టివేసి, అంచున వి.ఎన్. అని రాసి, ఆ ఉత్తరాన్నే తిరుగు కవరులో పెట్టి పంపించారు. అది చేరేసరికి ప్రభుత్వమే లేదు. పెద్దత్తయ్య నొచ్చుకొని చాలా కాలం మాకు ఉత్తరం రాయలేదు.

నాయనమ్మ, అమ్మ, నాన్నగారు, మామయ్య అందరూ దాటిపోయారు. బంధువులందరమూ కలిసిన వాట్సాప్ గుంపు ఒకటి ఉంది. 2022లో షావుకారు జానకి గారికి పద్మశ్రీ ప్రకటించిన రోజున, హైదరాబాదులో ఉండే మా పెద్దత్తయ్య మనవడు ఆ గుంపులో అభినందనలు పెట్టాడు. ఫోటో మాత్రం గాయని గారిది. వెంటనే అమెరికా నుంచి ఒకరు, "ఆవిడ పద్మభూషణ్ వద్దన్నారు కదా, పద్మశ్రీ ఎలా తీసుకొన్నారు?" అని అడిగారు. 2013లో గాయని ఎస్. జానకి గారు, గుర్తింపు మరీ ఆలస్యంగా వచ్చిందని, దక్షిణాదివారిని పట్టించుకోవడం లేదని పద్మభూషణ్‌ను తిరస్కరించిన మాట నిజమే. దానిపై మరో ఇద్దరు వాదనకు దిగారు. ఒక పిల్ల, ఈ ఇద్దరిలో ముఖ్యమంత్రిగా చేసింది ఎవరని అడిగింది. మామయ్య కూతురు అంతసేపూ చూస్తూ ఊరుకొని, చివరకు ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది: "పాడినావిడ మా రేపల్లె, నటించినావిడ మీ రాజమండ్రి, ఏలినావిడ వాళ్ళ వైకోం. పద్మశ్రీ రాజమండ్రికి వచ్చింది. ఆ ఫోటో తీసేసి మళ్ళీ పెట్టరా అబ్బాయ్." వాడు ఫోటో మార్చాడు. ఈసారి కృష్ణకుమారిని పెట్టాడు. షావుకారు జానకి గారి చెల్లెలే కనుక, ఇక ఎవరమూ ఏమీ అనలేదు.